మాంత్రిక నవల: కూర్చున్న చోటి నుంచి లేవకుండా రాసే పద్ధతి

సూర్యాపేట నుంచి కోదాడ, కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ, అక్కణ్నుంచి మళ్లీ సూర్యాపేట. ఈ ముక్కోణంలో ఏ మూలన నిలబడ్డా మిగతా రెండు మూలలూ రెండు గంటల బస్సు ప్రయాణం కూడా కాదు. ఈ మూలల మధ్య తిరుగుతూ నాలుగేళ్లుగా ఒక మాంత్రిక నవల రాస్తున్నాను. ఫోన్‌లో వారం వారం చదువుకునే సీరియల్. ఇప్పటికి 214 భాగాలు. మొదటి భాగంలో శాపం తగిలి పడుకున్న రాకుమారి ఇంకా లేవలేదు. లేపే ఆలోచన కూడా నాకు లేదు.

ఇంత సాధించాక నలుగురికీ చెప్పకుండా దాచుకుంటే పాపం. మంత్రం, ప్రేమ, ఇంటిగుట్టు మూడూ కలిపి నవల వండాలనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కింది సూచనలు తు.చ. తప్పకుండా పాటించండి. కండ కరగదు, కన్ను అలయదు.

1. ముందు పేరు పెట్టండి. కథ తర్వాత, అదీ తప్పకపోతే.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి డజను సీరియళ్లు రాశారు. కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం. ఈ పేర్లన్నీ కాగితం మీద రాసి, కత్తెరతో నడిమికి కత్తిరించి, చేటలో వేసి చెరగండి. కంచులోయ, రాకాసిరథం, జ్వాలాకోట, మాయాపర్వతం, యక్షసరోవరం. అయిదు నిమిషాల్లో అయిదు నవలలు చేతికొస్తాయి.

ఇందులో మనకు కలిసొచ్చే సంగతి ఇంకోటుంది. ఆ రోజుల్లో సీరియల్‌కు ఆయన పేరు వేసేవారు కాదు. చిత్రా గారి బొమ్మలు చూస్తూ, రాసిందెవరో తెలియకుండానే ఇంటిల్లిపాదీ నెల నెలా ఎదురు చూశారు. పేరు వేసుకోని మనిషి దగ్గర తీసుకుంటే దొంగతనం ఎట్లా అవుతుంది? ఎవరైనా నిలదీస్తే 'నివాళి' అనండి. ఆ ఒక్క మాట జేబులో ఉంటే ఎవరి పుస్తకమైనా ఎత్తుకు రావచ్చు.

2. సొంత ఊరిని కథలోకి రానివ్వకండి.

కథ ఎక్కడ జరగాలి? మంచుకొండల్లో. మీరు మంచు చూసింది సోడాబండి మీద గోనెపట్టా కింది ఐసుగడ్డలోనే అయినా సరే, మంచుకొండల్లోనే జరగాలి.

మా ప్రాంతంతో చిక్కేమిటంటే, అడుగు తీసి అడుగేస్తే కథ కాలికి తగులుతుంది. చూసుకుని తప్పుకుని నడవాలి. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. కాకతీయుల కాలంలో రేచర్ల వాళ్లు కట్టించిన గుళ్లున్నాయి, నామేశ్వరుడూ ఎరకేశ్వరుడూ. అటు పోకండి. ఫణిగిరి అసలే వద్దు. పేరే పాముపడగ కొండ, పైన బౌద్ధ భిక్షువులు వదిలిపోయిన స్తూపం, చెక్కిన రాళ్లు. ఉండ్రుగొండ గుట్టలు హైవే పక్కనే కోటగోడలు చూపిస్తూ నిలబడతాయి, బస్సు కిటికీ పరదా వేసుకోండి. మేళ్లచెరువులో శివలింగం నెత్తిన చిన్న గుంట, అందులో ఎప్పుడూ నీళ్లు, లింగం ఏటేటా పెరుగుతుందని జనం మాట. వినపడనట్టు ఉండండి. నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్లో ఒక శాసనం ఉంది. రుద్రమదేవి 1289లో మరణించిందని చెప్పే రాయి అది. కొడుకు లేని రాజు కూతురికి మగపేరు పెట్టి గద్దెనెక్కించాడు, ఆమె చివరికి ఏమైందన్నది ఒక పల్లెటూరి రాతి మీద బయటపడింది. ఇటువంటిది కథలోకి వచ్చిందంటే మీరు చరిత్ర పుస్తకాలు తిరగేయాల్సి వస్తుంది. తర్వాత మీ ఇష్టం.

దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. గొల్లవాళ్ల దేవుడు లింగమంతులస్వామి. దేవతలున్న పెట్టెను నెత్తిన పెట్టుకుని, డప్పుల మధ్య, 'ఓ లింగా' అని అరుచుకుంటూ జనం గట్టెక్కుతారు. దేవుళ్లు పెట్టెలో కూర్చుని ప్రయాణం చేయడమా! ఏ మాంత్రిక నవలాకారుడికైనా నోరూరే సంగతి. మింగేయండి. తెలంగాణ వాసన కావాలని ఎవరైనా పోరితే ఎక్కడో ఒకచోట 'జాతరలా జనం వచ్చారు' అని ఒక్క ముక్క తగిలించండి, సరిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదం వాడపల్లి. మిర్యాలగూడ నుంచి దగ్గరే, కృష్ణలో మూసీ వచ్చి కలిసే చోటు. ఒకసారి మా మేనత్తను తీసుకుని పోవాల్సి వచ్చింది. నరసింహస్వామి గర్భగుడిలో దీపాలు చూపించారు పూజారి గారు. స్వామి ముఖం ఎత్తున ఉన్న దీపం రెపరెపలాడుతోంది. కింది దీపం కదలట్లేదు. గాలి వచ్చే సందు లేదు. స్వామి ఊపిరి అన్నారాయన. అప్పటికి నేను ఫోన్‌లో నా మంచు భూతం అధ్యాయానికి పాఠకుల రేటింగు చుక్కలు ఎన్ని వచ్చాయో చూసుకుంటున్నాను. తలెత్తి చూస్తే మేనత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది. ఏమైందన్నాను.

"నా ఊపిరి తగిలి కదిలిందనుకుంటరేమో, అల్లుడా" అంది.

ఆ మాట రాసుకోలేదు. మీరూ రాసుకోకండి. ఆ రాత్రి మంచు భూతానికి ఏడో తల మొలిపించాను. చుక్కలు బాగానే పడ్డాయి.

3. పాత్రల్ని నడిపించకండి, ఎగిరించండి.

1997లో ఇంగ్లండులో వచ్చిన హ్యారీ పోటర్ మొదటి పుస్తకంలో పిల్లలు లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో గోడలోంచి దూరి మంత్రాల బడి రైలెక్కుతారు. మన దగ్గర ఆ పప్పులుడకవు. సూర్యాపేటకు రైలు లేదు, కోదాడకు లేదు. మిర్యాలగూడకు ఉంది గానీ అక్కడ గోడలోంచి దూరబోతే అవతల బియ్యం బస్తాల లాటు తగులుతుంది.

నడక ఇంకా చేటు. మధిర సుబ్బన్న దీక్షితులు గారు కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు రాశారు. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ పశువులు కాసే కుర్రాణ్ని తోడు తీసుకుంటాడు. వాడు దారిలో కనపడ్డ ప్రతి వింతా అడుగుతాడు, ఈయన మజిలీకో కథ చెబుతాడు. 'పాతాళభైరవి'కి విత్తనం దొరికింది అందులోనే. చూశారా, నడిస్తే ఊరొస్తుంది. ఊరొస్తే చెరువుగట్టు, సంత, సత్రం, అక్కడి తిండి, అక్కడి తిట్లు అన్నీ తెలిసుండాలి. ఎగిరితే ఏ బాధా లేదు. 'మేఘాలను చీల్చుకుంటూ' అని రాసి దిగిపోవచ్చు. నా నవలలో ఇప్పటికి ఎన్ని మేఘాలు చీలాయో లెక్క లేదు. అయినా మా జిల్లాలో వానలు పడలేదు.

కోదాడ కుర్రాడొకడు ఎగిరే పల్లెవెలుగు బస్సు పెట్టి నవల రాస్తానన్నాడు. కండక్టరు మంత్రం చదివితే లేస్తుందట. చిల్లర లేనివాణ్ని మధ్యలో మబ్బు మీద దింపేస్తుందట. కృష్ణా వంతెన దాటగానే మంత్రం యాస మారిపోతుంది గనక బస్సు కిందికి జారుతుందట. వెంటనే వారించాను. అందులో సొంత ఊహ ఉంది. అది అలవాటైతే మానడం కష్టం.

4. మంత్రానికి ఖరీదు పెట్టకండి.

'పాతాళభైరవి' 1951లో వచ్చింది. ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు అంతటివాడు కూడా భైరవి పలకాలంటే ఒక సాహసిని బలివ్వాలి. ఆ సాహసిని వెతుక్కుంటూ ఉజ్జయిని దాకా వచ్చి, ఆఖరికి ఒక తోటమాలి కొడుకు చేతిలో బోల్తాపడ్డాడు. ఖరీదు పెట్టడం వల్ల వచ్చిన తంటా ఇది. ఖరీదుంటే కథ కదులుతుంది, కదిలిన కథ ఎక్కడో ఒకచోట ఆగుతుంది, ఆగితే రేపణ్నుంచి మీరేం చేస్తారు?

నా మాంత్రికుడు 12వ భాగంలో నిప్పు తగిలితే చస్తాడు. 60వ భాగంలో అదే నిప్పు మీద జొన్నరొట్టె కాల్చుకుంటాడు. తుంగతుర్తి నుంచి ఒక అమ్మాయి అడిగింది, ఇదెట్లా అని. "అది వేరే నిప్పు" అని బదులిచ్చాను. తర్వాత ఆమె ఏమీ అడగలేదు, చదవనూ లేదు. ప్రశ్నలు తగ్గాయంటే నవల గాడిన పడ్డట్టు.

యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో మా వీధిలో నాలుగు బాటల కాడ నిమ్మకాయ కనపడితే సైకిల్ దిగి చుట్టూ తిరిగి పోయేవాళ్లని మా నాయన చెప్పేవాడు. అంత భయం పుట్టించాలంటే డాక్టరు ఏమంటాడు, క్షుద్రవిద్య వాడు ఏమంటాడు అని రెండువైపులా చదివి తూకం వేయాలి. నేను తూకం వేసేది వడ్లు మాత్రమే.

5. ఉద్యోగంలో ఉండగా రాయండి. జీతం వాళ్లది, అధ్యాయం మీది.

నేను మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో కాంటా దగ్గర గుమాస్తాను. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక ఈ ఊరంతా మిల్లులే. కోతల కాలంలో ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరతాయి. అప్పుడే రాయడానికి వీలు. అందరూ అరుస్తుంటారు గనక మీరు మౌనంగా ఏదో రాసుకుంటుంటే కష్టపడుతున్నారనుకుంటారు. తూకం చీటీ వెనకవైపు ఖాళీగా ఉంటుంది. ముందువైపు బండి నంబరు, బస్తాలు, తేమ, తరుగు. వెనకవైపు రాకుమారి.

ఒక్క జాగ్రత్త. చీటీ తిప్పినప్పుడు ఏ పక్క రాస్తున్నారో చూసుకోండి. ఒకరోజు నేను చూసుకోలేదు. రైతు చేతికి పోయిన చీటీలో తేమ 17 దగ్గర 'కన్నీరు' అనీ, తరుగు దగ్గర 'పూర్వీకుల శాపం, ఏడు తరాలు' అనీ ఉంది. ఆయన అద్దాలు సరిచేసుకుని, చీటీ రెండుసార్లు చదివి, వెనక్కిచ్చాడు.

"ఏటేటా ఏదో ఒకటి చెప్పి కోస్తనే ఉన్నరు గదా సార్. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాసిండ్రు" అన్నాడు.

నా సీరియల్‌కు వచ్చిన మొదటి విమర్శ ఇది. మంచి విమర్శే అని బల్లకు అంటించుకున్నాను. షావుకారు చింపేశాడు.

6. ప్రేమికులను మాట్లాడుకోనివ్వకండి.

మాట్లాడుకుంటే సంభాషణ రాయాలి. ఒకరిని రాయి చేయండి, ఇంకొకరిని నిద్రపుచ్చండి. విఠలాచార్య గారి సినిమాల గురించి ఒక మాట చెప్పుకుంటారు, నటులు కాల్షీట్లు ఇవ్వకపోతే ఆ పాత్రను చిలకగానో మేకగానో మార్చి షూటింగు నడిపించేసేవారని. ఇది నిజమో కాదో గానీ నాకు వేదవాక్యం. 90వ భాగం నుంచి నా నాయకుడు బాతు. బాతుకు ఒకే మాట. రాయడం ఎంత తేలికో!

7. గడువు మీద పడ్డప్పుడు తలుపేసుకోండి.

ఇక్కడ మనకు సొంత ఆదిగురువే ఉన్నాడు, అరువు తెచ్చుకోనక్కర్లేదు. పిల్లలమర్రి పినవీరభద్రుడు. ఇంటిపేరులోనే ఊరు పెట్టుకున్న పదిహేనో శతాబ్దపు కవి, 'శృంగార శాకుంతలం' రాసినాయన. ఆయన మీద ఒక కథ చెబుతారు. సాళువ నరసింహరాయలకు జైమినిభారతం రాసిస్తానని ఒప్పుకుని, రాజు ఇచ్చిన సొమ్ముతో హాయిగా కాలక్షేపం చేశాడు. గడువు రేపనగా ఒక్క పద్యం లేదు. రాత్రికి గదిలో దీపం పెట్టుకుని తలుపేసుకున్నాడు. లోపల సరస్వతి వచ్చి గంటం పట్టి గబగబా రాసేస్తోంది. అన్నగారికి అనుమానం వచ్చి తలుపు సందులోంచి తొంగిచూశాడు. బావగారు చూస్తున్నారని ఆవిడ సిగ్గుపడి మాయమైంది. తెల్లారి కవి సభకు పోయి, సరస్వతి నా రాణి అని చాటుకున్నాడట.

ఈ కథలోంచి మనం తీసుకోవాల్సింది తలుపు వరకే. ఆయన అంతకుముందు ఎంత చదివాడో, ఎన్నేళ్లు గంటం పట్టాడో కథలో లేదు గనక మనకూ అవసరం లేదు. నేను ఆదివారం రాత్రి పదింటికి తలుపేసుకుంటాను. సరస్వతి ఇంతవరకు రాలేదు. మా ఆవిడ మాత్రం రెండుసార్లు తొంగిచూసి, "పండుకున్నవా, రాస్తున్నవా?" అని అడిగింది. రెండోదే అన్నాను, కళ్లు తెరవకుండా.

8. సాకులు ముందే కట్టగట్టి ఉంచుకోండి.

కరెంటు పోయింది. సిగ్నల్ లేదు. బామ్మర్ది ఎంగేజ్‌మెంట్. చేయి బెణికింది. పాత్రలు నా మాట వినట్లేదు (ఇది పెద్ద రచయితలు వాడే సాకు, పొదుపుగా వాడండి). అధ్యాయం మరీ చిన్నదైతే 'ఉత్కంఠ కోసం' అనండి, మరీ పెద్దదైతే 'మీ అభిమానం కోసం' అనండి. చుక్కల సంగతి బామ్మర్దికి వదిలేయండి. మా బామ్మర్దికి మూడు ఫోన్లు, వాళ్ల దుకాణంలో పిల్లలకు నాలుగు. ఏడు ఫోన్లు, ప్రతి వారం ముప్పై అయిదు చుక్కలు. ఆ పిల్లల్లో ఒకడు 'బాతు చచ్చిపోవాలి' అని రాశాడు. వాణ్ని పనిలోంచి తీసేయమన్నాను గానీ బామ్మర్ది వినలేదు.

9. ఇంటిగుట్టు మీ ఇంట్లోనే తవ్వండి. దొరికాక పాడుచేయండి.

మాంత్రిక నవలకు కుటుంబ రహస్యం ప్రాణం. పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో మెడలో మణి పడగానే పసిపిల్ల నోరు తెరిచి పూర్వజన్మ సంగతులు చెప్పేస్తుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి వేషంలో ఎవరున్నారో, వేసిన ప్రతి ముడీ పద్ధతిగా విప్పుతాడాయన. పదహారో శతాబ్దంలో వాళ్లకు తీరిక ఉండేది. మనం ముడి వేయడం వరకే.

ముడి ఎక్కడ దొరుకుతుంది? మాకు నాయనమ్మ సందుగులో దొరికింది. ఆమె పోయిన మూడో నెల, అందరూ పెళ్లికి పోయిన పూట తాళం తీశాను. కర్పూరం వాసన. పహాణీ నకలు ఒకటి, తాత పొగాకు సంచి, కింద గుడ్డలో చుట్టిన ఫొటో. మట్టికట్ట ముందు తలగుడ్డ చుట్టుకున్న పడుచువాడు నవ్వుతున్నాడు. వెనకాల గంపలు, పారలు, మట్టి మోసే ఆడవాళ్లు. పక్కన నిలబడ్డ మనిషిని ఎవరో కత్తెరతో తీసేశారు. తీసేసినా ఒక చేయి మిగిలిపోయింది, అతని భుజం మీద, గాజులతో.

మా పెదనాయన. సాగర్ డ్యామ్‌కు 1955 డిసెంబరులో నెహ్రూ రాయివేశాడు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఆ నడిమి ఏళ్లలో కాలువ తవ్వే పనికని పోయినవాడు. కాలువలో నీళ్లొచ్చాయి గానీ ఆయన రాలేదు. ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్లు కాదు. పెత్రమాసనాడు పోయినవాళ్లందరి పేరునా అయ్యగారికి బియ్యమిచ్చేది నాయనమ్మ. పెద్దకొడుకు పేరు దగ్గరికి వచ్చేసరికి చేట వెనక్కి లాక్కునేది. బియ్యమిస్తే చచ్చాడని ఒప్పుకున్నట్టేనట.

సరే, దొరికింది గదా. ఇప్పుడు దీన్ని ఎట్లా చెడగొట్టాలో చూడండి. పెదనాయనను ఒంటికన్ను మంచు మాంత్రికుణ్ని చేశాను. కాలువను మంచునది చేశాను. గాజుల చేతిని రాత్రిళ్లు పాకుతూ వచ్చి గొంతు నులిమే దయ్యపు చేయి చేశాను. గాజులు మాత్రం ఉంచాను, ఎర్రవి, ఎందుకో. 40వ భాగంలో 'జ్యేష్ఠ వారసుడు తిరిగి వస్తాడు, తన వాటా అడుగుతాడు' అని ఒక జోస్యం కూడా పడేశాను.

దీనివల్ల లాభాలు వెంటనే కనిపిస్తాయి. కోదాడ నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు.

"ఏందిరా, పెద్దోడు వాటాకొస్తడని రాసినవట?"

"అది మంచు రాజ్యం, చిన్నాయనా."

"మంచో ఎండో, నాకు దెల్వదు. పాస్‌బుక్కుల నా పేరున్నది. రేపెవడన్న వచ్చి నేను ఆయన కొడుకునంటే నువ్వు సాచ్చెం జెప్తవా?"

ఆయన కూతురి పెళ్లికి మాకు శుభలేఖ రాలేదు. చదివింపుల డబ్బులు మిగిలాయి. బస్సు చార్జీలు మిగిలాయి. ఒక పూట సెలవు మిగిలింది, అందులో రెండు భాగాలు రాశాను. చిన్నాయన కొడుకులు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి 'మాంత్రికుడు' అంటున్నారట. సాహిత్యంలో బిరుదు రావాలంటే ఎంతమందిని పట్టుకోవాలి చెప్పండి, మనకు ఇంట్లోనే వచ్చింది.

10. చివరి సూచన. ముగించకండి.

ఎవరైనా ముగించమని వస్తే వినకండి. మొన్న ఆదివారం సూర్యాపేట కొత్త బస్టాండులో బస్సు కోసం కూర్చున్నాను. మేనత్త వచ్చింది. మోకాళ్లు నొప్పులు, అయినా వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారియర్, అందులో సర్వపిండి. పక్కన కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. మనవరాలు వారం వారం నా సీరియల్ చదివి వినిపిస్తుందని అప్పుడే తెలిసింది. రెండొందల పద్నాలుగు భాగాలూ విన్నదట. బాతుతో సహా.

"మంచు మాంత్రికుడు మా అన్ననే గదా, అల్లుడా?"

నేను సర్వపిండి తుంచుతున్నాను.

"ఎర్రగాజుల చేయిని దయ్యమని ఎందుకు రాసినవ్? ఆమె మంచిదిరా. నేను చిన్నపిల్లను, సద్ది ఇచ్చి రమ్మని అమ్మ కట్ట కాడికి పంపేది. ఆమె తన గాజులు తీసి నాకు తొడిగింది. సందు పెద్దగుంటే దారం చుట్టి తొడిగింది."

ఇక్కడే కొత్తవాళ్లు తప్పు చేస్తారు. ఆమె పేరేమిటి, ఏ ఊరామె, గాజులు ఏమైనయి, ఫొటో కత్తిరించింది ఎవరు అని అడుగుతారు. అడిగితే చెబుతుంది. చెబితే మొదటి నుంచీ మళ్లీ రాయాలి. రెండొందల పద్నాలుగు భాగాలు! నేను అడగలేదు. సర్వపిండి బాగుందన్నాను.

మిర్యాలగూడ బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆమె లేచి కిటికీ కిందికి వచ్చింది. తల ఎత్తి, చేయి కిటికీ కమ్మీ మీద పెట్టింది.

"ఒక్కటి చెప్పు. వస్తడా, రాడా?"

ఇటువంటి ప్రశ్న ఎదురైనప్పుడు ఏం చేయాలో ఇంతకుముందే చెప్పాను. ఫోన్ తీయండి. 215వ భాగం తెరవండి. రాకుమారి కనురెప్ప కదిలినట్టుందా లేదా అన్నంత వరకు రాసి, కింద 'సశేషం' అని కొట్టండి. బస్సు కదిలేదాకా తల ఎత్తకండి.